కీళూరు ఓటు: పాండిచ్చేరి విలీనాన్ని 178 మంది ఎలా తేల్చారు?

1954 అక్టోబరు 18న పాండిచ్చేరికి పడమటి దిక్కున, విల్లియనూరు ప్రాంతంలోని కీళూరు అనే చిన్న పల్లెలో ఒక ఓటింగు జరిగింది. ఫ్రెంచి భారత స్థావరాలు ఇండియన్ యూనియన్‌లో కలవాలా, వద్దా అన్నది ప్రశ్న. ఓటేసినవారు 178 మంది. అందులో 170 మంది విలీనానికి అనుకూలంగా, 8 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. సరిగ్గా రెండు వారాలకు, నవంబరు 1న, ఆ స్థావరాల పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది.

దీన్ని ‘కీళూరు రెఫరెండం’ అని పిలవడం వాడుక. నిజానికి ఆ రోజు సామాన్య ఓటరు ఎవరూ ఓటు వేయలేదు. ఓటు హక్కు ఉన్నది ప్రాతినిధ్య సభ సభ్యులకు, మునిసిపల్ కౌన్సిలర్లకు మాత్రమే. మూడు లక్షలకు పైగా ఉన్న జనం భవిష్యత్తును ఒక పెద్ద గదిలో పట్టేంత మంది తేల్చారు. ఆరేళ్ల ముందు రెండు ప్రభుత్వాలూ ప్రజలనే నేరుగా అడుగుతామని మాట ఇచ్చాయి. ఆ మాట ఎందుకు మారింది? మారినందువల్ల ఏం మిగిలింది? పుదుచ్చేరిలో భాగంగా ఉన్న తెలుగు ప్రాంతం యానాంకు దీనితో సంబంధం ఏమిటి?

ఓటు ఎందుకు అవసరమైంది?

1947లో బ్రిటిషువారు వెళ్లిపోయేనాటికి భారత ఉపఖండంలో ఫ్రాన్స్‌కు ఐదు స్థావరాలు ఉన్నాయి. తమిళ ప్రాంతంలో పాండిచ్చేరి, కారైకాల్. తెలుగు ప్రాంతంలో గోదావరి ఒడ్డున యానాం. మలబారు తీరంలో మాహే. కలకత్తాకు ఉత్తరాన హుగ్లీ నది పక్కన చందర్‌నగర్. వీటికి తోడు కొన్ని పట్టణాల్లో ‘లోజ్‌’లు ఉండేవి. అవి పాత వర్తక స్థావరాలు. మచిలీపట్నంలోని ఫ్రెంచిపేట ఆ కోవలోదే.

లోజ్‌లను ఫ్రాన్స్ 1947 అక్టోబరులోనే వదులుకుంది. దానికి ఏ ఓటూ జరగలేదు. ఐదు స్థావరాల సంగతి వేరు. అవి ఫ్రెంచి గణతంత్రంలో భాగం. వాటి ప్రజలు పారిస్‌లోని పార్లమెంటుకు ప్రతినిధులను పంపేవారు. 1946 నాటి ఫ్రెంచి రాజ్యాంగంలోని 27వ అధికరణం ప్రకారం, సంబంధిత ప్రజల సమ్మతి లేకుండా ఏ భూభాగాన్ని ఇచ్చివేసినా, మార్చుకున్నా చెల్లదు.

పారిస్ వాదనకు ఆధారం ఈ అధికరణమే. ఇవ్వడం ఇష్టం లేనప్పుడు దాన్ని అడ్డంగా పెట్టుకుందన్న విమర్శ అప్పుడే ఉంది. అయినా చట్టపరంగా అది ఖాళీ సాకు కాదు. సమ్మతి ఉండాలని రాజ్యాంగం చెప్పింది. సమ్మతిని ఎలా తెలుసుకోవాలో మాత్రం చెప్పలేదు. తర్వాతి ఏడేళ్ల కథంతా ఆ ఖాళీ చుట్టూనే నడిచింది.

1948 జూన్‌లో రెండు ప్రభుత్వాలూ ఒక ఒప్పందానికి వచ్చాయి. ముందు మునిసిపల్ ఎన్నికలు జరగాలి. ఎన్నికైన కౌన్సిళ్లు రెఫరెండం తేదీని, విధానాన్ని నిర్ణయించాలి. ఆ తర్వాత ప్రజలు ఓటేయాలి.

చందర్‌నగర్: ప్రజలు నేరుగా ఓటేసిన ఏకైక చోటు

ఈ దారిలో చివరిదాకా వెళ్లింది చందర్‌నగర్ ఒక్కటే. 1949 జూన్ 19న అక్కడ రెఫరెండం జరిగింది. భారత్‌లో విలీనానికి అనుకూలంగా 7,473 ఓట్లు, వ్యతిరేకంగా 114 ఓట్లు పడ్డాయి. 1950 మే 2న పాలన చేతులు మారింది. 1951 ఫిబ్రవరి 2న పారిస్‌లో ఒప్పందం కుదిరింది. 1952 జూన్‌లో చట్టబద్ధ బదిలీ కూడా పూర్తయింది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. భారత్‌లో కలిశాక చందర్‌నగర్ ఏ రాష్ట్రంలో ఉండాలన్న రెండో ప్రశ్న వచ్చింది. దానికి మరో రెఫరెండం పెట్టలేదు. అమర్‌నాథ్ ఝా నాయకత్వంలో ఒక కమిషన్ స్థానికుల అభిప్రాయాలు తెలుసుకుంది. 1954 అక్టోబరు 2న చందర్‌నగర్ పశ్చిమ బెంగాల్‌లో కలిసింది. అంటే కీళూరులో పాండిచ్చేరి ప్రతినిధులు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి పదహారు రోజుల ముందే చందర్‌నగర్ రెండు ప్రశ్నలూ ముగించుకుంది.

పాండిచ్చేరిలో ఓటు ఎందుకు ఆగిపోయింది?

మిగిలిన స్థావరాల్లో 1948 అక్టోబరు మునిసిపల్ ఎన్నికలు వేరే ఫలితం ఇచ్చాయి. అప్పటికి ఫ్రాన్స్ పక్షాన ఉన్న ఎదువార్ గుబేర్ వర్గం, అంటే ఫ్రెంచి ఇండియా సోషలిస్టు పార్టీ, గెలిచింది. మాహేలో ఆ ఎన్నికల వేళే విలీనవాదుల తిరుగుబాటు జరిగి పోలింగు వాయిదా పడింది. ఫలితాల మీద పెద్ద వివాదం రేగింది. దొంగ ఓట్లు, బెదిరింపులు, ప్రత్యర్థుల మీద దాడులు పాండిచ్చేరి ఎన్నికలకు కొత్తవి కావు. ఫ్రెంచి హయాంలో అక్కడి ఎన్నికల అక్రమాలు దశాబ్దాలుగా అపఖ్యాతి పొందినవే.

1949 డిసెంబరులో రెఫరెండం జరపాలని కౌన్సిళ్లు అనుకున్నాయి. ఆ తేదీ గడిచిపోయింది. ఓటింగుకు తగిన వాతావరణం ఉందో లేదో చూడడానికి తటస్థ పరిశీలకులు కావాలని ఫ్రాన్స్ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 1951లో ఆ పరిశీలకులు వచ్చి చూశారు. ఓటర్ల జాబితాలు, పోలీసు వ్యవహారం, రాజకీయ హింస అన్నీ గమనించారు. ఆ స్థితిలో ఓటరు స్వేచ్ఛగా ఓటు వేయగలడన్న భరోసా వారి నివేదికలో కనిపించలేదు.

ఈ నివేదికను రెండు పక్షాలూ తమకు అనువుగా చదువుకున్నాయి. పరిస్థితులు మెరుగయ్యాక ఓటు పెడదామని ఫ్రాన్స్ అంది. ఫ్రెంచి పాలన కింద నిజమైన ఓటు అసాధ్యమని భారత్ అంది. 1952 అక్టోబరులో భారత ప్రభుత్వం రెఫరెండం ఆలోచనను పూర్తిగా విరమించుకుంది. ఓటు లేకుండా నేరుగా బదిలీ చేయాలని కోరింది. చందర్‌నగర్‌లో గెలుపు ఖాయమనుకున్నప్పుడు ఓటును కోరిన ఢిల్లీ, పాండిచ్చేరిలో అనుమానం వచ్చేసరికి వద్దందన్న విమర్శకు ఇదే మూలం. పారిస్ కూడా గెలుస్తానన్న చోట ప్రజల హక్కు అని, ఓడుతానన్న చోట వాయిదా అని మాట్లాడిందన్నది దానికి ఎదురు విమర్శ.

గోరిమేడు దాటితే ఇండియా

పుదుచ్చేరి పట్టణం నుంచి తిండివనం వెళ్లే రోడ్డులో, ఊరు ముగిసే చోట గోరిమేడు ఉంటుంది. దాన్ని దాటితే నేడు తమిళనాడు. అప్పుడది మరో దేశం. పాండిచ్చేరి భూభాగం ఒకే ముక్కగా ఉండదు. ఫ్రెంచి గ్రామాల మధ్య భారత గ్రామాలు, భారత గ్రామాల మధ్య ఫ్రెంచి గ్రామాలు చదరంగపు గళ్లలా చెదిరి ఉండేవి. ఇల్లు ఒక దేశంలో, పొలం ఇంకో దేశంలో ఉన్న రైతులు ఉండేవారు.

చాలాకాలం ఈ సరిహద్దు జనానికి పెద్దగా అడ్డు కాలేదు. 1941లో బ్రిటిష్ ఇండియాతో కుదిరిన కస్టమ్స్ యూనియన్ వల్ల సరుకుల రాకపోకలు సాఫీగా సాగేవి. 1949 మార్చి ముగిశాక భారత్ ఆ ఒప్పందాన్ని కొనసాగించలేదు. రోడ్ల మీద తనిఖీలు మొదలయ్యాయి. పాండిచ్చేరి రేవు గుండా దొంగ బంగారం, వజ్రాలు వస్తున్నాయన్నది భారత్ ఫిర్యాదు. తర్వాత మనుషుల రాకపోకలకూ అనుమతి పత్రాలు వచ్చాయి. 1954లో ఆంక్షలు మరీ బిగిసి, పెట్రోలు వంటి సరుకులకు ఇబ్బంది ఏర్పడింది.

ఓటు జరగని ఆ ఐదేళ్లూ జనం మీద పనిచేసింది ఈ సరిహద్దే. చుట్టూ భారత్ ఉండగా, తిండిగింజలకూ ఇంధనానికీ భారత్ మీదే ఆధారపడే ఊరు విడిగా బతకలేదన్న సంగతి ప్రసంగాల కన్నా తనిఖీ కేంద్రాలే బాగా చెప్పాయి. దీన్ని ఆర్థిక ఒత్తిడి అని ఫ్రాన్స్ నిరసించింది. వలస పాలనను సాగనివ్వకపోవడం తప్పు కాదని భారత్ వాదించింది.

విలీనం తర్వాత ఆ సరిహద్దు అంచే పట్టణపు పెద్ద వైద్యకేంద్రమైంది. 1823లో ఫ్రెంచివారు మొదలుపెట్టిన వైద్య పాఠశాల వారసత్వంతో, 1956లో ధన్వంతరి మెడికల్ కాలేజీ పేరుతో సాగిన సంస్థ 1964లో జిప్మర్‌గా మారి గోరిమేడులో స్థిరపడింది. ఆ ప్రాంతాన్ని నేటికీ ధన్వంతరి నగర్ అంటారు. తెలుగు రాష్ట్రాల నుంచి చదువుకూ వైద్యానికీ అక్కడికి వెళ్లేవారిలో చాలామందికి అది ఒకప్పటి దేశ సరిహద్దు అన్న సంగతి తెలియకపోవచ్చు.

1954: ఏడు నెలల్లో మారిన లెక్క

1954 మార్చి 18న పాండిచ్చేరిలోని మంత్రులు, ఎనిమిది కమ్యూన్ల మేయర్లు ఒక తీర్మానం చేశారు. రెఫరెండం లేకుండా వెంటనే భారత్‌లో కలపాలన్నది దాని సారాంశం. అంతవరకూ ఫ్రాన్స్‌కు అండగా నిలిచిన గుబేర్ పక్షం మారారు. ఆయన 1951లో ఫ్రెంచి జాతీయ సభకు ఎన్నికైన వ్యక్తి. ఆయన మీద పారిస్ విచారణకు సిద్ధపడడమే ఈ మలుపుకు కారణమని కొందరు, గాలి మళ్లిన దిక్కు పసిగట్టారని కొందరు అంటారు. మార్చి 31న నెట్టపాక్కంలో ఆయన వర్గం భారత జెండా ఎగరేసింది. కమ్యూనిస్టు నాయకుడు వి. సుబ్బయ్య వర్గం కూడా విలీన ఉద్యమంలో ముందు వరుసలో నిలిచింది.

యానాంలో పని ఇంకా వేగంగా జరిగింది. ఫరంపేటకు చెందిన దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు 1954 జూన్ 13న యానాంలోకి ప్రవేశించి పాలనను స్వాధీనం చేసుకున్నారు. మద్దింశెట్టి సత్యానందం తదితర స్థానిక నాయకులు ఆ ఉద్యమంలో ఉన్నారు. విలీనవాదులు దీన్ని విమోచన అన్నారు. ఫ్రెంచి వైపు నుంచి ఇది కుట్రపూరిత అధికార హస్తగతం. ఏ పేరుతో పిలిచినా యానాం భవితవ్యం ఆ రోజు ఓటు పెట్టెలో తేలలేదు. జూలై 16న మాహేలో ఫ్రెంచి పాలకుడు ఐ.కె. కుమారన్ నాయకత్వంలోని విలీనవాదులకు బాధ్యతలు అప్పగించి వెళ్లిపోయాడు.

ఈలోగా వియత్నాంలో మే 7న దియెన్ బియెన్ ఫూ కోట పడిపోయింది. జూన్‌లో పియేర్ మెందేస్ ఫ్రాన్స్ ప్రధాని అయ్యారు. ఇండోచైనాలో యుద్ధం ముగించడం ఆయన మొదటి పని. ఆసియాలో అంత పెద్ద వలస పోయాక నాలుగు చిన్న స్థావరాల కోసం భారత్‌తో తగాదా పెట్టుకోవడంలో ఫ్రాన్స్‌కు లాభం లేదు. ఇక మిగిలింది 27వ అధికరణం ఒక్కటే. ప్రజల సమ్మతి ఉందని పారిస్‌లో చూపించడానికి ఏదో ఒక ఓటు కావాలి.

కీళూరులో జరిగింది ఏమిటి?

దానికి రెండు ప్రభుత్వాలూ కనుక్కున్న మార్గమే ప్రతినిధుల సమావేశం. ప్రజలు ఎన్నుకున్నవారు ప్రజల తరఫున సమ్మతి చెబితే, అధికరణం కోరిన ‘ప్రజల సమ్మతి’ దొరికినట్టే అన్నది ఇందులోని తర్కం. రెఫరెండం వద్దన్న ఢిల్లీ మాటా నిలిచింది, సమ్మతి కావాలన్న పారిస్ మాటా నిలిచింది.

అక్టోబరు 18న ఫలితం 170-8, అంటే 95 శాతానికి పైగా అనుకూలం. మూడు రోజులకు, అక్టోబరు 21న, ఢిల్లీలో భారత విదేశాంగ కార్యదర్శి ఆర్.కె. నెహ్రూ, ఫ్రెంచి రాయబారి స్తానిస్లాస్ ఓస్త్రోరోగ్ పాలన బదిలీ ఒప్పందంపై సంతకాలు చేశారు. నవంబరు 1న ఫ్రెంచి ప్రతినిధి పియేర్ లాండీ బాధ్యతలు అప్పగించగా, భారత్ తరఫున కేవల్ సింగ్ స్వీకరించారు.

ఈ పద్ధతికి అనుకూలంగా చెప్పదగినవి ఉన్నాయి. ప్రత్యక్ష ఓటు పెట్టి ఉంటే హింస చెలరేగే ప్రమాదం నిజంగానే ఉంది. పరిశీలకులు హెచ్చరించినదీ అదే. కీళూరు దారిలో పెద్ద నెత్తురు పారలేదు. గోవాలో పోర్చుగల్ ససేమిరా అన్నందుకు 1961 డిసెంబరులో సైన్యం వెళ్లాల్సివచ్చింది. ఉత్తరాఫ్రికాలో ఫ్రాన్స్ పట్టుదల అల్జీరియాను ఎనిమిదేళ్ల యుద్ధంలోకి ఈడ్చింది. కీళూరు ఓటు జరిగిన పక్షం రోజులకే, పాండిచ్చేరిలో పాలన మారిన నవంబరు 1నే, అల్జీరియా యుద్ధం మొదలైంది.

వ్యతిరేకంగా చెప్పదగినవీ ఉన్నాయి. ఓటేసిన ప్రతినిధులు విలీనం అంశం మీద ఎన్నికైనవారు కారు. వారిలో చాలామంది ఫ్రాన్స్ పక్షాన గెలిచి, తర్వాత వైఖరి మార్చుకున్న పార్టీకి చెందినవారు. పైగా ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను పొందుతున్న కుటుంబాలు, ఇండోచైనాలో ఉద్యోగాలు చేసినవారు, 1881 నాటి ఉత్తర్వు కింద సొంత మత, కుల ఆచార చట్టాన్ని వదులుకొని ఫ్రెంచి పౌర చట్టం స్వీకరించిన ‘రెనోన్సాంట్లు’ అక్కడ గణనీయంగా ఉన్నారు. వారిలో ఎంతమంది ఏ వైపు ఓటేసేవారో తెలుసుకునే అవకాశం కీళూరు ఇవ్వలేదు. మెజారిటీ విలీనానికే మొగ్గేదని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. కాని ఎంత మెజారిటీ అన్న అంకె మాత్రం చరిత్రలో లేదు.

ఎనిమిదేళ్ల సందిగ్ధం

పాలన వచ్చింది కాని సార్వభౌమత్వం రాలేదు. 1956 మే 28న ఢిల్లీలో విలీన ఒప్పందంపై సంతకాలు జరిగాయి. ఫ్రెంచి పార్లమెంటు దాన్ని ఆమోదించడానికి మరో ఆరేళ్లు పట్టింది. అల్జీరియా రగులుతుండగా ఇంకో భూభాగాన్ని వదులుకునే బిల్లు తేవడానికి అక్కడి ప్రభుత్వాలు వెనకాడాయి. 1962 మార్చిలో అల్జీరియాకు సంబంధించిన ఒప్పందం కుదిరాక, జూలైలో పాండిచ్చేరి ఒప్పందానికి ఆమోదం లభించింది. 1962 ఆగస్టు 16న పత్రాల మార్పిడితో చట్టబద్ధ బదిలీ పూర్తయింది.

ఈ మధ్యకాలంలో పాండిచ్చేరి ఏ దేశం? ఈ ప్రశ్న ఒక బస్సు పర్మిట్ వివాదంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పాలన భారత్ చేతిలో ఉన్నా, చట్టబద్ధ బదిలీ జరిగేవరకు పాండిచ్చేరి భారత భూభాగంలో భాగం కాదని భారత ప్రభుత్వమే చెప్పగా, కోర్టు దాన్ని అంగీకరించింది. తర్వాత రాజ్యాంగ 14వ సవరణతో అది కేంద్రపాలిత ప్రాంతమైంది. 1963 జూలై 1న శాసనసభ, మంత్రివర్గం ఏర్పడ్డాయి. తొలి ముఖ్యమంత్రి ఎదువార్ గుబేర్.

కీళూరులో అడగని వ్యక్తిగత ప్రశ్న ఒకటి 1962లో వచ్చింది. ఒప్పందం ప్రకారం, స్థావరాల్లో పుట్టి అక్కడే నివసిస్తున్న ఫ్రెంచి జాతీయులు చట్టబద్ధ బదిలీ రోజున భారత పౌరులవుతారు. ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోదలిస్తే ఆరు నెలల్లో రాతపూర్వకంగా తెలపాలి. భూభాగం గురించి ఓటరును నేరుగా అడగలేదు, పౌరసత్వం గురించి మాత్రం ప్రతి మనిషినీ అడిగారు. మౌనంగా ఉన్నవారు భారతీయులయ్యారు. కాగితం పెట్టినవారు ఫ్రెంచివారిగా ఉండిపోయారు. పుదుచ్చేరిలో నేటికీ ఫ్రెంచి ఎన్నికల్లో ఓటేసే కుటుంబాలు, ఒకే ఇంటిపేరున రెండు దేశాల పాస్‌పోర్టులు కనిపించడానికి కారణం ఆ ఆరు నెలలే.

ఇతర రెఫరెండాలతో పోలిస్తే

భారత రాజ్యాంగంలో దేశవ్యాప్త లేదా రాష్ట్రవ్యాప్త రెఫరెండంకు స్థానం లేదు. అయినా ఉపఖండంలో భూభాగాల భవిష్యత్తు తేల్చడానికి కొన్నిసార్లు ప్రజల ముందుకు వెళ్లారు.

• వాయవ్య సరిహద్దు రాష్ట్రం, 1947 జూలై: పాకిస్థాన్‌కు 2,89,244, భారత్‌కు 2,874. ఖుదాయీ ఖిద్మత్‌గార్లు, కాంగ్రెస్ దీన్ని బహిష్కరించాయి.

• సిల్హెట్, 1947 జూలై: తూర్పు బెంగాల్‌లో కలవడానికి 2,39,619, అస్సాంలో కొనసాగడానికి 1,84,041.

• జునాగఢ్, 1948 ఫిబ్రవరి: పోలైన 1,90,870 ఓట్లలో పాకిస్థాన్‌కు పడినవి 91.

• చందర్‌నగర్, 1949 జూన్: విలీనానికి 7,473, వ్యతిరేకం 114.

• కీళూరు, 1954 అక్టోబరు: ప్రతినిధుల ఓట్లు, 170-8.

• గోవా, 1967 జనవరి: మహారాష్ట్రలో కలవకుండా కేంద్రపాలిత ప్రాంతంగా ఉండడానికి 1,72,191, విలీనానికి 1,38,170.

• సిక్కిం, 1975 ఏప్రిల్: రాచరికం రద్దు, భారత్‌లో విలీనానికి 59,637, వ్యతిరేకం 1,496.

ఈ జాబితాలో ప్రజలు కాక ప్రతినిధులు తేల్చింది కీళూరు ఒక్కటే. మరో తేడా కూడా గమనించదగింది. పాలన అప్పటికే చేతులు మారిన తర్వాత ఓటు జరిగిన జునాగఢ్ వంటి చోట్ల ఫలితం ఏకపక్షం. రెండు పక్షాలకూ నిజంగా గెలిచే అవకాశం ఉన్న సిల్హెట్, గోవాల్లో తేడా తక్కువ. 95 శాతం అన్న అంకెను ఈ వెలుగులో చూడాలి. ఓటు జరిగే నాటికి నెట్టపాక్కం, యానాం, మాహే అన్నీ చేయి దాటిపోయాయి. కీళూరు ఒక నిర్ణయం తీసుకున్నదనడం కన్నా, అప్పటికే జరిగిన నిర్ణయానికి చట్టబద్ధత ఇచ్చిందనడం సబబు.

తెలుగు రాష్ట్రాల అనుభవం

ప్రజల బదులు ప్రతినిధులు తేల్చడం తెలుగువారికి కొత్త సంగతి కాదు. కీళూరుకు ఏడాది ముందు, 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం ఉద్యమం నుంచి, పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ నుంచి పుట్టింది. ఓటు పెట్టె నుంచి కాదు. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్ తెలంగాణను ప్రత్యేక హైదరాబాద్ రాష్ట్రంగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండువంతుల మెజారిటీతో కోరితే ఆంధ్రతో కలపవచ్చని సూచించింది. అది కూడా ప్రతినిధుల ఓటే. తేడా ఏమిటంటే, ఆ ప్రశ్న జనం ముందు ఉండగా ఎన్నికైన సభ ఓటేయాలని కమిషన్ కోరింది. ఆ షరతు నెరవేరకుండానే 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ లోటు తర్వాతి ఉద్యమాల్లో మళ్లీ మళ్లీ ప్రస్తావనకు వచ్చింది. 2014లో విభజన బిల్లును ఉమ్మడి రాష్ట్ర శాసనసభ తిరస్కరించినా పార్లమెంటు ఆమోదించింది. రాజ్యాంగం మూడో అధికరణం శాసనసభ అభిప్రాయం అడగమంటుంది కాని సమ్మతి తప్పనిసరి అనదు.

మిగిలిన హామీ: రెండో అధికరణం

ఈ నేపథ్యంలో పుదుచ్చేరికి ఉన్న ఒక ప్రత్యేకత చెప్పుకోదగింది. 1956 ఒప్పందంలోని రెండో అధికరణం ప్రకారం, 1954 నవంబరు 1కి ముందున్న ప్రత్యేక పాలనా హోదా ప్రయోజనం ఈ స్థావరాలకు కొనసాగుతుంది. దాన్ని మార్చదలిస్తే ముందుగా ప్రజల అభీష్టం తెలుసుకోవాలి. కీళూరులో నేరుగా అడగని ప్రజలకు, ఇకమీదట అడుగుతామన్న మాట ఒప్పందంలోకి ఎక్కింది.

ఆ మాటకు విలువ ఎంతో 1979లో బయటపడింది. పుదుచ్చేరిని పక్క రాష్ట్రాల్లో కలిపే ఆలోచన ఉందన్నట్టు అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ మాట్లాడడంతో జనవరిలో పుదుచ్చేరి అట్టుడికింది. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. కేంద్రం వెనక్కి తగ్గింది. పాతికేళ్ల కిందట విలీనానికి జై కొట్టిన ఊరే ఈసారి విలీనం వద్దంది. భారత్‌లో కలవడం వేరు, తమిళనాడులో కలవడం వేరని జనం తేల్చిచెప్పారు.

యానాంకు ఈ అధికరణం మరీ ముఖ్యం. చుట్టూ ఆంధ్రప్రదేశ్, భాష తెలుగు, సంతలూ పెళ్లిళ్లూ ఆ చుట్టుపక్కలతోనే. రాజధాని మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరం. భూగోళం చూస్తే ఆంధ్రలో కలపడమే సహజమనిపిస్తుంది. అయినా ముప్పై ఎన్నికైన స్థానాలున్న సభలో సొంత సభ్యుడు, ప్రత్యేక నిధులు, తమదైన చరిత్ర ఉన్న చిన్న ప్రాంతం పెద్ద రాష్ట్రంలో ఒక మండలంగా మిగలడానికి ఇష్టపడుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు అక్కడివారే చెప్పాలన్నది ఒప్పందం ఉద్దేశం. ఎలా అడగాలో మాత్రం 27వ అధికరణంలాగే ఇదీ చెప్పలేదు. రెఫరెండమా, శాసనసభ తీర్మానమా, ఝా కమిషన్ వంటి విచారణా అన్నది తెరిచే ఉంచింది.

ఈ చరిత్రకు పుదుచ్చేరి క్యాలెండరులో రెండు తేదీలు ఉన్నాయి. నవంబరు 1న విమోచన దినం జరుపుతారు. ఆగస్టు 16న చట్టబద్ధ బదిలీ దినం సందర్భంగా కీళూరులోని స్మారకం దగ్గర జెండా ఎగరేస్తారు. ఓటు జరిగిన అక్టోబరు 18 మాత్రం అంతగా జనం నోట వినిపించదు. రాష్ట్ర హోదా కోరుతూ పుదుచ్చేరి శాసనసభ పలుమార్లు తీర్మానాలు చేసింది. ఏదో ఒక రోజు ఆ హోదా మార్పు నిజంగా చర్చకు వస్తే, ప్రజల అభీష్టాన్ని తెలుసుకోవడానికి మళ్లీ 178 మంది సరిపోతారా, లేక ఈసారి యానాం ఓటరుతో సహా అందరినీ అడగాలా అన్న ప్రశ్న 1954లో ఆగిన చోటి నుంచే మొదలవుతుంది.